చేతికి నల్ల టేపు కట్టుకుని ఆడిన ఒలంగా సంగతి నిజమేనా? గ్రౌండ్‌లో నిరసన చేస్తే ప్లేయర్‌కి ఏమవుద్ది?

సైట్‌స్క్రీన్:

అందరికీ నమస్తే. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. 2025 ఆసియా కప్ ఫైనల్ గుర్తుంది కదా, సెప్టెంబర్ 28, దుబాయ్. మన తిలక్ వర్మ 69 నాటౌట్ కొట్టి పాకిస్తాన్ మీద గెలిపించాక, సరే కప్పు తీసుకునేది కూడా చూసి పడుకుందాం అని ఇంట్లో అందరం కూర్చున్నాం. గంట దాటింది. కప్పూ లేదు కాకరకాయా లేదు. ఆసియా క్రికెట్ కౌన్సిల్ అధ్యక్షుడు, పాకిస్తాన్ బోర్డు పెద్ద కూడా అయిన మోహ్సిన్ నఖ్వీ చేత్తో ఇస్తే మనోళ్ళు తీసుకోరంట, ఆయనేమో నేనే ఇవ్వాలంటాడు, ఆఖరికి లేని కప్పుని ఉన్నట్టు ఎత్తి ఫొటోలు దిగారు. మా అమ్మ అయితే వాళ్ళ పంచాయితీ తెల్లారేదాకా తేలదు గానీ లేచి పెరుగన్నం తినండి అని హాల్లో లైటు తీసేసింది.

అక్కడ మొదలైంది అసలు గోల. మా బాబాయ్ "ఎన్నైనా చెప్పు అన్నయ్యా, ఆటలోకి ఈ రాజకీయాలు తేకూడదు" అన్నాడు. మా నాన్న మామూలుగా ఇలాంటివాటిలో నోరెత్తడు, ఆ రోజు మాత్రం చేయి కడుక్కుంటూ "మరి ఒలంగా చేతికి నల్ల టేపు కట్టుకుని దిగినప్పుడు మగాడంటే వీడే అన్నావుగా" అన్నాడు. బాబాయ్ ఇంక మాట్లాడలేదు.

నాకేమో ఒలంగా అంటే తెలిసింది ఒక్కటే, షార్జాలో సచిన్ ఉతికి ఆరేసిన జింబాబ్వే బౌలర్. రీల్స్‌లో అదే చూపిస్తారు. నాన్న చెప్పిందేంటంటే ఆయన వరల్డ్ కప్‌లో సొంత ప్రభుత్వం మీద నిరసన చేసి, తర్వాత దేశం వదిలి పారిపోవాల్సొచ్చిందని. ఇది నిజమేనా? అసలేం జరిగింది? ఇంకెవరైనా ప్లేయర్లు ఇలా చేశారా, చేసినవాళ్ళ గతి ఏమైంది? తెలిసినవాళ్ళు చెప్పండి. దయచేసి ఇండియా పాకిస్తాన్ తిట్లు మాత్రం వద్దు, దానికి వేరే థ్రెడ్లు బోలెడున్నాయి.

మూడోస్లిప్:

మీ నాన్నగారు చెప్పింది నిజమే బ్రదర్. షార్జా దగ్గర్నుంచే వస్తా, ఎందుకంటే మనవాళ్ళందరికీ ఒలంగా అంటే అదే.

1998 నవంబర్, షార్జా. లీగ్ మ్యాచ్‌లో ఒలంగా వేసిన బౌన్సర్‌కి సచిన్ అవుటయ్యాడు, అది ఆయనకి బాగా గుచ్చుకుంది, రెండు రోజులు తిరక్కుండానే ఫైనల్లో 124 నాటౌట్, వికెట్ పడకుండా మనం గెలిచాం. రీల్స్‌లో తిరిగేది ఇదే. కానీ ఆర్నెల్లకే 1999 వరల్డ్ కప్‌లో లీసెస్టర్‌లో ఏం చేశాడో ఎవరూ రీల్ చెయ్యరు. వాళ్ళ నాన్న పోయారని సచిన్ ముంబై వచ్చేసిన మ్యాచ్ అది. గెలుపు చేతికందేలా ఉంది, మూడు వికెట్లున్నాయి, ఒకే ఓవర్లో రాబిన్ సింగ్, శ్రీనాథ్, వెంకటేష్ ప్రసాద్ ముగ్గుర్నీ పంపించేశాడు. మూడు పరుగులతో ఓడిపోయాం. ఆ రోజు మా వీధిలో ఒకాయన రేడియో నేలకేసి కొట్టాడు, మర్నాడు మళ్ళీ ఆయనే దాన్ని రిపేరుకి పట్టుకెళ్ళాడు అనుకోండి.

సరే అసలు సంగతి. 2003 వరల్డ్ కప్ సౌతాఫ్రికాలో జరిగినా కొన్ని మ్యాచ్‌లు జింబాబ్వే, కెన్యాల్లో పెట్టారు. అప్పటికి జింబాబ్వేలో ముగాబే పాలన, 2000 నుంచీ తెల్లవాళ్ళ పొలాలు లాక్కోవడం, ప్రతిపక్షం వాళ్ళని కొట్టడం, తిండి దొరక్క జనం అల్లాడ్డం. ఫిబ్రవరి 10న హరారేలో నమీబియాతో మొదటి మ్యాచ్. ఆ పొద్దున ఇద్దరు ప్లేయర్లు, ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలంగా, విలేకర్లకి ఒక కాగితం పంచారు. మా జింబాబ్వేలో ప్రజాస్వామ్యం చచ్చిపోయింది, దానికి సంతాపంగా ఈ వరల్డ్ కప్ అంతా చేతికి నల్లపట్టీ కట్టుకుంటాం అని దాని సారాంశం. సిద్ధంగా పట్టీలు కూడా లేవు, మన ఇళ్ళల్లో కరెంటు వైర్లకి చుట్టే నల్ల టేపు లాంటిది చుట్టుకున్నారు. అంతే. నినాదాల్లేవు, బాయ్‌కాట్ లేదు, ఫ్లవర్ వెళ్ళి బ్యాటింగ్ కూడా చేశాడు.

ఇక్కడ ఒకటి గమనించండి. ఫ్లవర్ తెల్లవాడు, ఒలంగా నల్లవాడు, జింబాబ్వేకి ఆడిన మొట్టమొదటి నల్లజాతి క్రికెటర్. ఐడియా ఫ్లవర్ వైపు నుంచి వచ్చింది, కానీ ఆయనొక్కడే చేసుంటే "పొలాలు పోయాయని తెల్లోడు ఏడుస్తున్నాడు" అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్ళు. పక్కన ఒలంగా నిలబడ్డాక ఆ మాట అనడానికి వీల్లేకుండా పోయింది. అందుకే కోపం ఎక్కువ ఒలంగా మీదే పడింది. ఆయన సొంత క్లబ్ ఆయన్ని సస్పెండ్ చేసింది, టీమ్‌లో చోటు దాదాపు పోయినట్టే అయింది. ఫ్లవర్‌కి అప్పటికి 34 ఏళ్ళు, టెస్టుల్లో 51 యావరేజ్, ఇంగ్లాండ్ కౌంటీలో ఉద్యోగం ఉంది. ఒలంగాకి 26. ఫాస్ట్ బౌలర్‌కి అసలు వయసు అదే కదండీ, మొదలవ్వాల్సిన టైములో అయిపోయింది.

ఇంకో చిత్రం. ఇంగ్లాండ్ వాళ్ళు మేం హరారే రాం అని మ్యాచ్ వదిలేశారు, ఆ పాయింట్లు జింబాబ్వేకి పడ్డాయి, ఆపైన బులవాయోలో పాకిస్తాన్ మ్యాచ్ వానకి కొట్టుకుపోయింది, అలా జింబాబ్వే సూపర్ సిక్స్‌కి, అంటే తర్వాతి రౌండ్‌కి చేరింది. సూపర్ సిక్స్ మ్యాచ్‌లన్నీ సౌతాఫ్రికాలో. అంటే ఒలంగా దేశం దాటడానికి ఆ వానా ఆ వాకోవరే దారిచ్చాయి! మార్చి 15న ఈస్ట్ లండన్‌లో శ్రీలంకతో చివరి మ్యాచ్, అక్కడే రిటైర్ అవుతున్నా అని చెప్పి మళ్ళీ ఇంటికి వెళ్ళలేదు. దేశద్రోహం కేసు పెడతారని మాటలు వచ్చాయి, అప్పట్లో అక్కడ దానికి ఉరిశిక్ష. కొన్నాళ్ళు సౌతాఫ్రికాలో దాక్కుని ఇంగ్లాండ్ వెళ్ళాడు, చాలా ఏళ్ళ తర్వాత ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో స్థిరపడ్డాడు.

మనోళ్ళు కూడా అదే ఫిబ్రవరి 19న హరారేలో ఆడి గెలిచారు. ఆ రోజు సచిన్ 81 కొట్టడం నాకు బాగా గుర్తు. ఆ ఊళ్ళో అప్పుడేం జరుగుతుందో మాత్రం నేనసలు పట్టించుకోలేదు, డిగ్రీ ఫైనలియర్, ఎంతసేపూ నెట్ రన్ రేట్ లెక్కలే.

బెజవాడ బౌన్సర్:

కథ బాగుంది అన్నా, కానీ నేను ఒప్పుకోను. రోజంతా బాసు తిట్లు తిని, ఈఎమ్ఐ కట్టి, ఇంటికొచ్చి టీవీ పెట్టుకునేది ఆ మూడు నాలుగ్గంటలు ఇవన్నీ మర్చిపోదామని. అక్కడ కూడా న్యూస్ చానలే కనబడితే ఇంకెందుకు. ఇవాళ ఒకడు మంచి పనికి టేపు కట్టుకుంటాడు, రేపు ఇంకొకడు చెత్త పనికి కట్టుకుంటాడు, ఏది మంచో ఏది చెత్తో ఎవరు చెప్తారు? 1999లో ఢిల్లీ కోట్లా పిచ్ శివసేన వాళ్ళు రాత్రికి రాత్రి తవ్వి పారేశారు పాకిస్తాన్ రాకూడదని. వాళ్ళని అడిగితే అదీ నిరసనే అంటారు. 2023 యాషెస్ లార్డ్స్ టెస్టులో పెట్రోల్ వద్దనేవాళ్ళు రంగుపొడి పట్టుకుని గ్రౌండ్‌లోకి ఉరికారు, ఇంగ్లాండ్ కీపర్ బెయిర్‌స్టో ఒకణ్ణి బియ్యం బస్తాలా ఎత్తుకుపోయి బౌండరీ దగ్గర దించొచ్చాడు. నేనైతే బెయిర్‌స్టో వైపే.

మూడోస్లిప్:

బెయిర్‌స్టో సీను నేనూ పదిసార్లు చూశా, దాన్లో గొడవ లేదు :) కానీ కోట్లా సంగతీ ఇదీ ఒక గాటన కట్టకు తమ్ముడూ. తవ్వినోళ్ళకి పోయిందేంటి? ఒలంగా టేపు వల్ల ఒక్క బంతి ఆట కూడా ఆగలేదు, నచ్చనోడు చూసీ చూడనట్టు వదిలేసి స్కోరు చూసుకోవచ్చు. పోయింది ఆయన ఉద్యోగమే.

పైగా ఆ పిచ్ తవ్వకం వల్ల ఏమైంది చెప్పు. ఢిల్లీలో అవ్వాల్సిన మొదటి టెస్టు చెన్నైకి మార్చారు, చెన్నైలో 12 పరుగులతో మనం ఓడిపోయాం, వసీం అక్రమ్ టీమ్ గ్రౌండ్ చుట్టూ తిరుగుతుంటే చెపాక్ జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత అదే కోట్లాలో, మళ్ళీ బాగుచేసిన అదే పిచ్ మీద, కుంబ్లే పదికి పది వికెట్లు. తవ్వినోళ్ళు కూడా ఆ రోజు టీవీ ముందే కూర్చుని ఉంటారని నా అనుమానం.

కొలంబో_కరివేపాకు:

ప్లేయర్ల సంగతి వేరు, జనం సంగతి నేను చెప్తా. 2022లో నేను కొలంబోలో ఒక గార్మెంట్ కంపెనీలో ప్రొడక్షన్ చూసేవాణ్ణి. మాది తుని. ఆ ఏడాది శ్రీలంక ఎలా ఉందో మాటల్లో చెప్పలేనండీ, పెట్రోల్ కోసం కిలోమీటర్ల లైను, కార్లు లైన్లో వదిలేసి ఆఫీసుకి నడిచెళ్ళి సాయంత్రం మళ్ళీ వచ్చి అదే కార్లో పడుకునేవాళ్ళు. క్రికెటర్ చమిక కరుణరత్నే కూడా రెండ్రోజులు పెట్రోల్ లైన్లో నిలబడ్డానని చెప్పాడు. రోషన్ మహానామ, 1996లో కప్పు కొట్టిన టీమ్‌లో ఆయన, మ్యాచ్ రిఫరీ కూడా చేశాడు కదా, ఆయన లైన్లో ఉన్నవాళ్ళకి స్వయంగా టీ, బన్ను పంచాడు. గ్యాస్ లేదు, పాలపొడి లేదు. మా మెస్‌లో వంటావిడ కట్టెల పొయ్యి మీద పప్పు వండేది, ఆ పొగకి పప్పుకి వచ్చిన రుచి ఇప్పటికీ గుర్తుంది, కానీ పాపం ఆవిడ కళ్ళు మాత్రం ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి.

అలాంటప్పుడు ఆస్ట్రేలియా టూరుకి వచ్చింది. మాలో మాకే వాదన, ఇళ్ళల్లో కరెంటు లేకపోతే అక్కడ ఫ్లడ్‌లైట్లేంట్రా అని కొందరు, ఈ ఒక్కటన్నా ఉండనివ్వండిరా అని కొందరు. జూన్ 24న ప్రేమదాసలో చివరి వన్డే, సిరీస్ అప్పటికే శ్రీలంక గెలిచేసింది. చూస్తే స్టాండ్లలో సగం మంది పసుపు చొక్కాలేసుకొచ్చారు! వాళ్ళ రంగు నీలం కదా, ఇదేంటని నేను పక్కాయన్ని అడిగితే, ఇంత కష్టంలో ఉన్నప్పుడు మా దేశానికి వచ్చారు, థాంక్స్ చెప్పొద్దా అన్నాడు. మ్యాచ్ ఓడిపోయినా "ఆస్ట్రేలియా ఆస్ట్రేలియా" అని అరిచారు. మాక్స్‌వెల్ వాళ్ళు కూడా బిత్తరపోయి గ్రౌండ్ చుట్టూ తిరిగి దండం పెట్టారు.

ఇంక జులై 9. గాలేలో రెండో టెస్టు రెండో రోజు. గాలే గ్రౌండ్ చూసినవాళ్ళకి తెలుసు, పక్కనే డచ్చివాళ్ళ కోట, దాని గోడ మీద నిలబడితే టికెట్ లేకుండానే మ్యాచ్ కనబడుద్ది. ఆ రోజు ఆ గోడ నిండా జనం, జెండాలు పట్టుకుని "గోట గో హోమ్" అని అరుస్తున్నారు, గోట అంటే వాళ్ళ ప్రెసిడెంట్ గోటబయ. నేను కొలంబోలో ఫోన్లో చూస్తున్నా, కామెంటరీ వెనకాల ఆ అరుపులు వినబడుతూనే ఉన్నాయి. అదే టైముకి కొలంబోలో జనం ప్రెసిడెంట్ ఇంట్లోకి వెళ్ళిపోయి స్విమ్మింగ్ పూల్లో ఈతలు కొడుతున్నారు. ఇక్కడ స్విమ్మింగ్ పూల్, అక్కడ టెస్టు మ్యాచ్. ఆట మాత్రం ఆగలేదండీ. ప్రభాత్ జయసూర్య అని కొత్త స్పిన్నర్ మొదటి టెస్టులోనే 12 వికెట్లు, చందిమాల్ 206 నాటౌట్, ఇన్నింగ్స్ తేడాతో శ్రీలంక గెలిచింది 11న. 13న గోటబయ దేశం దాటిపోయాడు.

ఆ అరిచినవాళ్ళే వికెట్ పడితే చప్పట్లూ కొట్టారు. బౌన్సర్ గారూ, మీరనే మర్చిపోవడం అనేది వాళ్ళకి కుదర్లేదండీ, పోనీ ఆట చూడ్డం మానేశారా అంటే అదీ లేదు.

ఉప్పల్_నార్త్ స్టాండ్:

ఆ ఫ్లడ్‌లైట్ల ముచ్చట చదివితే నాకు 2011 యాదికొచ్చింది. అక్టోబర్ 14, ఉప్పల్ల ఇండియా ఇంగ్లాండ్ వన్డే. అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తుండె, సెప్టెంబర్ 13న షురూ అయ్యి 42 రోజులు నడిచింది. సింగరేణిల బొగ్గు బంద్, కరెంట్ కోతలు, బస్సులు సక్కగ లెవ్వు. మా అన్న గవర్నమెంట్ టీచర్, సమ్మెల ఉన్నడు, జీతం లేదు. నేను ఇంజినీరింగ్, మా దోస్తుగానికి యాడనో టికెట్లు దొరికినయ్. ఇంట్ల చెప్తే మా అన్న ఏమంటడో అని భయం. ఇటు సమ్మె, నువ్వు మ్యాచ్‌కి పోతవా అంటడేమో అనుకున్న. ఆయన నా మొకం చూసి, జేబుల చెయ్యి పెట్టి నూర్రూపాయలు తీసిచ్చి, "పో రా, ధోనీ ఏం సమ్మెల లేడు కదా" అన్నడు.

తార్నాక దాంక నడిచి ఆడికెళ్ళి షేరాటో. ఆటోల ఎనిమిది మందిమి, ముచ్చట మొత్తం తెలంగాణ ఎప్పుడిస్తరు అనే. డ్రైవర్ బొగ్గు లెక్కలు చెప్తుండు, పక్కకున్నాయన కోహ్లీ రైనా లెక్కలు చెప్తుండు, రెండూ కలిసిపోయి ఎవడు దేని గురించి మాట్లాడుతుండో సమజ్ కాలె. ధోనీ 87 నాటౌట్, మనం 300, వాళ్ళు 174కే ఖతం. మా వెనుక కూసున్న పోరగాళ్ళు ఓవర్ ఓవర్‌కి మధ్యల జై తెలంగాణ, ఓవర్ షురూ కాంగనే ధోనీ ధోనీ. రాత్రి ఇంటికొచ్చేటాల్లకు మా గల్లీ మొత్తం చీకటి, దూరం నుంచి స్టేడియం లైట్ల వెలుగు మాత్రం ఆకాశంల కొడ్తుండె. మా అన్న గడప మీద కూసోని విసనకర్ర ఊపుకుంట "ఎంత కొట్టిండు రా" అని అడిగిండు.

పద్మ_స్కోర్‌బుక్:

అందరూ పాతవి చెప్తున్నారు, నేను రూల్స్ సంగతి చెప్తా. ఐసీసీ రూలు ప్రకారం బట్టల మీద, బూట్ల మీద, బ్యాటు మీద సొంత మెసేజ్ పెట్టాలంటే పర్మిషన్ కావాలి, రాజకీయం, మతం, జాతికి సంబంధించినవి అయితే ఇవ్వరు. వినడానికి బాగానే ఉంది. అమల్లోకి వచ్చేసరికే తేడాలు.

2014లో సౌతాంప్టన్‌లో మన మీద టెస్టులోనే మొయిన్ అలీ గాజా గురించి రిస్ట్‌బ్యాండ్లు వేసుకున్నాడు, ఇంగ్లాండ్ బోర్డు ఫర్వాలేదంది, మ్యాచ్ రిఫరీ తీసెయ్యమన్నాడు. 2023 డిసెంబర్‌లో పెర్త్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ ఉస్మాన్ ఖవాజా బూట్ల మీద "అందరి ప్రాణాలూ సమానమే" అని, "స్వేచ్ఛ మనిషి హక్కు" అని రాసుకున్నాడు. రాతలో పేర్లేమీ లేవు, రంగులు మాత్రం పాలస్తీనా జెండావి. వద్దన్నారు. వాటి మీద టేపు వేసుకుని, చేతికి నల్లపట్టీతో దిగాడు, దానికీ మందలింపు వచ్చింది. పావురం బొమ్మ స్టిక్కర్ అడిగాడు, దానికీ నో. చివరికి మెల్‌బోర్న్‌లో బాక్సింగ్ డే టెస్టుకి బూట్ల మీద వాళ్ళ ఇద్దరు పాపల పేర్లు రాసుకుని వచ్చాడు. ఇప్పుడు దీన్ని ఎవరు ఆపుతారు చెప్పండి! నాకు ఈ ఒక్కటీ భలే నచ్చింది.

అదే 2019 మార్చిలో రాంచీలో పుల్వామా అమరుల కోసం మన టీమ్ మొత్తం ఆర్మీ టోపీలు పెట్టుకుని ఆడింది, దానికి పర్మిషన్ ఇచ్చారు. మూడు నెలలకి వరల్డ్ కప్‌లో ధోనీ గ్లవ్స్ మీద పారా రెజిమెంట్ గుర్తు ఉంటే తీసెయ్యమన్నారు. టోపీ ఓకే, గ్లవ్స్ నాట్ ఓకే. ఆస్ట్రేలియా బోర్డు ఇంకో రకం, అఫ్గానిస్తాన్‌లో ఆడపిల్లల్ని చదువుకోనివ్వడం లేదని వాళ్ళతో విడి సిరీస్‌లు ఆడం అంటుంది, వరల్డ్ కప్‌లో ఎదురైతే మాత్రం ఆడుతుంది, మాక్స్‌వెల్ ఒంటికాలి మీద 201 కొట్టింది ఆ అఫ్గాన్ మీదే కదా. తప్పని అనట్లేదు, పాయింట్లు ఎవరికి చేదు. కానీ "ఆటలో రాజకీయం వద్దు" అని బోర్డు వాళ్ళు అన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ప్లేయర్ చేస్తేనే అది రాజకీయం.

బెజవాడ బౌన్సర్:

పద్మ గారూ, పిల్లల పేర్ల ముక్క నాకు తెలీదు, అది బాగుంది. మిగతా దాని మీద నా మాట నాదే. కొలంబో అన్నా, మీ పోస్టు చదివాక కాసేపు ఏం టైప్ చెయ్యాలో తోచలేదు. పెట్రోల్ లైన్లో పడుకున్నోడికి నేను ఈఎమ్ఐ గురించి చెప్తున్నా ఏంట్రా అనిపించింది.

సైట్‌స్క్రీన్:

అందరికీ థాంక్స్ అండీ, ఇన్ని వస్తాయనుకోలేదు. మూడోస్లిప్ గారి పోస్టు నాన్నకి చదివి వినిపించా. లీసెస్టర్ మ్యాచ్ దగ్గర ఆపి, "ఆ రోజు నేను నైట్ డ్యూటీలో ఉన్నా, వాచ్‌మన్ గదిలో ట్రాన్సిస్టర్ పెట్టుకుని విన్నాం, ఒలంగాని నోటికొచ్చినట్టు తిట్టాను" అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత పేపర్లో ఆ నల్ల టేపు ఫొటో చూసి, అరె వీణ్ణా నేను తిట్టింది అనుకున్నాడంట. ఇప్పుడేం చేస్తున్నాడు అని అడిగాడు. నేను వెతికితే పాటలు పాడతాడని తెలిసింది, 2019లో ఆస్ట్రేలియాలో టీవీ సింగింగ్ షోకి కూడా వెళ్ళాడు. ఆ వీడియో పెట్టా. నాన్న కళ్ళజోడు తెచ్చుకుని మొత్తం చూసి, "గొంతు బాగుందిరా, అప్పీలు చేసేటప్పుడే అనుకున్నా" అన్నాడు. బాబాయ్‌కి కూడా ఫార్వర్డ్ చెయ్యమన్నాడు. చేశా. బ్లూ టిక్ పడింది, రిప్లై రాలేదు.

ఈసాలా_ఏలూరు:

ఒక్క నిమిషం ఆగండి. పైన ఆండీ ఫ్లవర్ అన్నారు కదా. మా ఆర్సీబీ కోచ్ ఆండీ ఫ్లవర్, ఆ టేపు కట్టుకున్న ఆండీ ఫ్లవర్, ఇద్దరూ ఒకరేనా??

మూడోస్లిప్:

ఆయనే నాయనా. 2025లో మీకు కప్పు వచ్చినప్పుడు డగౌట్‌లో కూర్చున్నాడే, ఆయనే.

ఈసాలా_ఏలూరు:

రెండేళ్ళ నుంచి చూస్తున్నా, నాకెవరూ చెప్పలేదేంటి.